ఇరవై నిమిషాల నీళ్లు

క్షేత్ర పరిశోధన కోసం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక ఊళ్లో ఉన్న రోజులవి. అక్కడి అంగన్‌వాడీ కేంద్రం ఒక అద్దె గది. ఒక మూల పొయ్యి, ఇంకో మూల పిల్లలు. టీచర్ మండల కేంద్రంలో సమావేశానికి వెళ్లింది. పద్దెనిమిది మంది పిల్లల్ని ఆయమ్మ ఒక్కతే చూసుకుంటోంది. ఆమె అన్నం వార్చడానికి అటు తిరిగిన క్షణంలో మూడేళ్ల బాబు ఒకడు అప్పుడే దించిన పప్పుచారు గిన్నెలో చెయ్యి పెట్టాడు.

ఆయమ్మ బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని, తాగడానికి పెట్టిన బిందెలోంచి చెంబుతో నీళ్లు ముంచి కాలిన చేతి మీద పోస్తూనే ఉంది. ఎవరో టూత్‌పేస్టు తెచ్చిస్తే పక్కన పెట్టేసింది. చేయాల్సింది సరిగ్గా అదే. కాలిన చోట 20 నిమిషాల పాటు చల్లటి నీటి ధార పడాలి. పేస్టు, పసుపు, సిరా, ఐసు ఏవీ పెట్టకూడదు. కానీ ఉన్న రెండు బిందెలూ పది నిమిషాలకే అయిపోయాయి. కేంద్రంలో నల్లా లేదు. రోడ్డు దాటితే ఎదురింటి వాకిట్లో ఉంది. ఆయమ్మ మాత్రం ఒక పిల్లను దూరంగా ఉన్న వాడలోని బోరింగు దగ్గరికి ఉరికించింది. నేనే ఎదురింటికి వెళ్లి బకెట్ నింపుకొచ్చాను. నన్నెవరూ ఏమీ అనలేదు. నేను పట్నం నుంచి వచ్చిన చదువుకున్న పిల్లను. నా కులం వాళ్లకు తెలియదు.

సాయంత్రం, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక, ఆ ఇంటికి ఎందుకు పోలేదని ఆయమ్మను అడిగాను. “ఆ వాకిట్ల నేనెన్నడన్న కాలు వెట్టిన్నా బిడ్డా, ఇయ్యాల వెట్టనీకి?” అంది.

పసిపిల్లల కేంద్రాల్లో గాయాలు, జబ్బులు, అత్యవసర పరిస్థితుల గురించి మాట్లాడినప్పుడల్లా మనం దాన్ని శిక్షణకు సంబంధించిన విషయంగానే చూస్తాం. శిక్షణ అవసరమే. జ్వరంతో ఫిట్స్ వచ్చిన పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని తెలిసి ఉండాలి. విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో కలపాలని, కుక్క కరిస్తే 15 నిమిషాలు సబ్బుతో కడిగి వెంటనే టీకాకు పంపాలని, పాము కరిస్తే కట్టు బిగించకూడదని తెలిసి ఉండాలి. ఇవన్నీ ఒక రోజులో నేర్పగలిగినవే. అయితే ఈ పనులకు మూడు కావాలి: నీళ్లు, తాకే చేయి, హక్కులున్న కార్మికురాలు. మన దేశంలో ఈ మూడింటినీ పంచేది కులం. ఆ రోజు ఆయమ్మకు తెలివి తక్కువ కాలేదు. నీళ్లు తక్కువయ్యాయి. చెరువు నీళ్లు తాగే హక్కు కోసం 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ నడిపిన పోరాటం కాలిన ఒక పసి చేతి దగ్గర ఇంకా మిగిలే ఉంది.

ప్రథమ చికిత్స అంటే మొదట తాకడం. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో అంబేడ్కర్ కథియవాడ్‌కు చెందిన ఒక అంటరాని ఉపాధ్యాయుడి అనుభవాన్ని నమోదు చేశారు. అతని భార్య బాలింత. జబ్బు పడితే వచ్చిన వైద్యుడు ఆమెను ముట్టుకోలేదు. థర్మామీటర్‌ను ఒక ముస్లిం చేతికిచ్చాడు, అది భర్త చేతికి, అక్కడి నుంచి ఆమె చేతికి చేరింది. ఆమె బతకలేదు. ఆ భర్త రాసిన ఉత్తరం అచ్చయింది 1929లో. అది గడిచిపోయిన కాలం అనుకునేవాళ్లు, 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో సర్వే చేసి 2006లో పుస్తకంగా వచ్చిన ‘అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా’ చూడాలి. దాదాపు మూడో వంతు గ్రామాల్లో ప్రజారోగ్య సిబ్బంది దళితుల ఇళ్లలోకి అడుగు పెట్టడం లేదని అందులో తేలింది. దళిత పిల్లలకు వైద్యం అందే తీరుపై సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్‌లలో చేసిన అధ్యయనం కూడా, పరీక్షించేటప్పుడు, మందులిచ్చేటప్పుడు తాకకుండా తప్పుకునే అలవాటును నమోదు చేసింది. ఊపిరాడని పిల్ల వీపు మీద చరచాల్సిన చేయి ఒక్క క్షణం ఆగినా ప్రాణం పోతుంది.

కేంద్రం ఎక్కడుందన్నది కూడా ఇందులో భాగమే. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004లోనే దళిత, ఆదివాసీ ఆవాసాలన్నింటిలో అంగన్‌వాడీలు ఉండాలంది. 2006 డిసెంబరు 13 తీర్పులో 14 లక్షల కేంద్రాలకు గడువు పెట్టి, ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉన్న చోట అడిగిన మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని చెప్పింది. కాగితం మీద అంగన్‌వాడీలు దాదాపు ఆ సంఖ్యకు చేరాయి. కానీ గది దొరికిన చోట కేంద్రం పెట్టి, నల్లా సంగతి తర్వాత చూద్దామంటే, చేరింది లెక్క మాత్రమే.

ఇక ఆ పిల్లల బాధ్యత మోస్తున్న మనిషి సంగతి. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైన నాటి నుంచి ఆమె ‘గౌరవ’ కార్యకర్తే. 2018లో పెంచినప్పుడు కేంద్ర ప్రభుత్వం టీచరుకు నెలకు ఖరారు చేసింది 4,500 రూపాయలు, ఆయాకు 2,250. మిగతాది రాష్ట్రాల దయ. 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు వాళ్లవి ప్రభుత్వ పదవులు కావంది. గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడానికి 2022 దాకా పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేసినప్పుడు మాత్రం ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగితే స్వచ్ఛంద సేవకులు, పని ఆపితే అత్యవసర సిబ్బంది! నిజమైన అత్యవసరం వచ్చిన రోజున ఆ ఆయమ్మ చేతిలో ఆటో కిరాయి లేదు. రాత్రి ఆమెకు నిద్ర పట్టనివ్వనిది బాబు చేయి ఒక్కటే కాదు, రాబోయే మెమో కూడా. శిక్ష భయం ఉన్న చోట ప్రమాదాలు దాచిపెడతారు. దాచిన ప్రమాదం నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు.

చట్టంలోనూ ఒక సందు ఉంది. 2004లో కుంభకోణం పాఠశాల అగ్నిప్రమాదంలో 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ నేపథ్యంలో 2009లో అవినాష్ మెహరోత్రా కేసులో సుప్రీంకోర్టు, భద్రమైన పాఠశాల పిల్లల ప్రాథమిక హక్కులో భాగమని ప్రకటించింది. అది 21, 21ఏ అధికరణల ఆధారంగా వచ్చిన తీర్పు. 21ఏ మొదలయ్యేది ఆరేళ్ల నుంచి. అంతకు లోపు పిల్లల సంరక్షణను 86వ సవరణ 45వ అధికరణలో, అంటే కోర్టు ద్వారా అమలు చేయించుకోలేని ఆదేశిక సూత్రాల్లో, ఉంచింది. తనను తాను కాపాడుకోలేని వయసుకే రక్షణ పలచనైంది.

పరిశోధకులుగా మన తప్పు కూడా ఉంది. పిల్లల ఎత్తు, బరువు, తిన్న గుడ్లు లెక్కపెట్టి ఎన్నో పత్రాలు రాశాం. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌తో ఆ లెక్కలు ఫోన్లోకీ ఎక్కాయి. ఆ కేంద్రంలో నేను తిరగేసిన ఏ రిజిస్టర్లోనూ గాయానికి గడి లేదు. నా ప్రశ్నావళిలోనూ లేదు. ఆ బాబు చేయి కాలాకే చేర్చాను.

అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. ప్రతి కేంద్రంలో ధారగా నీళ్లు వచ్చే నల్లా, పిల్లలకు అందని వంటగది. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు: టీచరును సమావేశానికి పిలిస్తే ఆమె బదులు ఇంకొకరు రావాలి. పథకంలో ఉన్న మందుల కిట్ అయిపోగానే మళ్లీ నింపాలి. ఆయాలకు కూడా ఆ రోజు వేతనంతో ఏటా ప్రథమ చికిత్స శిక్షణ. ఆసుపత్రి ప్రయాణానికి కేంద్రం దగ్గరే కొంత నగదు. శిక్ష కోసం కాకుండా నేర్చుకోవడం కోసం ఒక ప్రమాదాల రిజిస్టర్. ఆరోగ్య సిబ్బంది పిల్లల్ని తాకకుండా తప్పుకుంటే దాన్ని నిర్లక్ష్యం అనకుండా అంటరానితనం అనే పేరుతోనే నమోదు చేయాలి.

ఏడాది తర్వాత మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. బాబు మణికట్టు మీద మచ్చ ఉంది, వేళ్లు మాత్రం చక్కగా ఆడుతున్నాయి. కేంద్రానికి నల్లా ఇంకా రాలేదు. గది మూలలో బిందెలు మాత్రం రెండుకు బదులు నాలుగు ఉన్నాయి. కొత్త రెండూ ఆయమ్మ తన డబ్బుతో కొన్నది.