చిన్న గదిలో పెద్ద జాగా



ఒకప్పుడు మన పల్లెల్లో చాలామంది దొడ్లో, తడికల చాటున, ఆకాశం కింద స్నానం చేసేవారు. అక్కడ ఇరుకన్న మాటే లేదు. ఇప్పుడు పట్టణాల్లో ఎన్నో ఇళ్ళల్లో స్నానాలగది నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు మాత్రమే ఉంటున్నది. గోడలను జరపలేము గదా! అయినా గది పెరిగేటట్టు చేసే ఉపాయాలున్నాయి. వాటిలో కొన్ని నిజంగానే జాగా ఇస్తాయి. కొన్ని కంటికి మాత్రమే జాగా చూపిస్తాయి. ఏది ఏ రకమో తెలుసుకోవాలి.

మొదట తలుపు సంగతి చూద్దాం. రెండున్నర అడుగుల తలుపు లోపలికి తెరుచుకుంటుందనుకోండి. దాని అంచు నేలమీద వృత్తంలో నాలుగోవంతు గీస్తుంది. ఆ భాగం ఎంతో మీరే లెక్క కట్టగలరు. రెండున్నరను రెండున్నరతో హెచ్చించి, దాన్ని 22/7తో హెచ్చించి, నాలుగుతో భాగించండి. సుమారు 5 చదరపు అడుగులు వస్తుంది. గది మొత్తం 24 చదరపు అడుగులే! అంటే ఐదోవంతు నేల తలుపు తిరగటానికే పోయింది. అక్కడ బకెట్టు పెట్టలేము, పీట వెయ్యలేము. తలుపును బయటికి తెరుచుకునేట్టు బిగిస్తే ఆ నేలంతా మనదవుతుంది.

ఇందులో జాగాకన్న పెద్ద విషయం మరొకటి ఉన్నది. మీ తాతగారో, నాయనమ్మగారో లోపల కాలుజారి తలుపుకు అడ్డంగా పడిపోయారనుకోండి. లోపలికి తెరుచుకునే తలుపును ఎంత తోసినా అది పడినవారికే తగులుతుంది. బయటికి తెరుచుకునేదైతే లాగి, వెంటనే సాయపడవచ్చును. గడియ కూడా అవసరమైతే బయటినుంచి తీయగలిగినదై ఉండాలి. బయట నడవ మరీ ఇరుకైతే, గోడవెంబడి పక్కకు జరిగే తలుపు పెట్టించుకోవచ్చును.

తరువాత నేల. బకెట్లు, సబ్బుపెట్టె, బట్టల బుట్ట అన్నీ నేలమీదనే ఉంటే గది మూలలు కనిపించవు. సబ్బు గోడకు బిగించిన పలకమీదికి, తువ్వాలు కొక్కేనికి, బుట్ట గది బయటికి పోతే, కాళ్ళకూ జాగా దొరుకుతుంది, కంటికీ దొరుకుతుంది.

ఇక కంటికి చేసే ఉపాయం వెలుతురు. ఒకే కొలతగల రెండు చెప్పుల పెట్టెలు తీసుకోండి. ఒకదానికి లోపల తెల్లకాగితం, రెండోదానికి నల్లకాగితం అంటించండి. రెండింటి మూతలకూ ఒకే మాదిరి కిటికీ కోసి, పక్కన చిన్న రంధ్రం పెట్టి లోపలికి చూడండి. తెల్లగోడలు తమమీద పడిన వెలుతురులో చాలాభాగం తిరిగి పంపుతాయి గనక మూలలన్నీ కనిపిస్తాయి. నల్లగోడలు వెలుతురును మింగేస్తాయి. ఏ పెట్టె విశాలంగా తోచిందో మీ చెల్లాయినీ, తమ్ముణ్ణీ అడగండి.

అద్దం కూడా ఇలాంటిదే. వస్తువు అద్దానికి ముందు ఎంత దూరాన ఉంటే, ప్రతిబింబం వెనక అంత దూరాన ఉన్నట్టు కనిపిస్తుంది. అందుచేత గోడకు పెద్ద అద్దం పెడితే, అవతల మరో గది ఉన్నట్టు అనిపిస్తుంది. లండనులో సర్ జాన్ సోన్ అనే వాస్తుశిల్పి 1812లో తన ఇల్లు కట్టటం మొదలుపెట్టి, అందులో చిన్న ఫలహారపు గదికి గుండ్రని కుంభాకార దర్పణాలు ఎన్నో అమర్చాడు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియంగా ఉన్నది.

ఒక జాగ్రత్త! నున్నగా మెరిసే పలకలు గోడలకు మంచివే గాని, నేలకు పనికిరావు. తడిస్తే జారుతాయి. నేల కొంచెం గరుకుగా, నీరు తూముకేసి పోయేట్టు వాలుగా ఉండాలి.

ఈ ఆదివారం సుద్దముక్కా, కొలత టేపూ తీసుకుని మీ స్నానాలగది తలుపు ఎటు తెరుచుకుంటుందో, ఎంత నేలను తింటున్నదో లెక్క కట్టండి. ఆ కాగితం అమ్మానాన్నలకు చూపించండి. ఇంట్లో పెద్దవారుంటే ఇంకా ముందుగా చూపించండి.