కాలువలపై సౌరఫలకములు: నీటి లెక్క, నేల లెక్క

గుజరాతు రాష్ట్రమున మెహసానా జిల్లాలోని చంద్రాసన్ గ్రామము చెంత, నర్మదా జలములను గొనిపోవు సానంద్ శాఖాకాలువపై 750 మీటర్ల పొడవున ఇనుప దూలములు పరచి, వానిమీద సౌరఫలకములు అమర్చి, 1 మెగావాటు విద్యుత్కేంద్రమును 2012 ఏప్రిల్‌లో ప్రారంభించినప్పుడు, నీరు పారెడి త్రోవయే విద్యుత్తు పుట్టు చోటు కూడ కాగలదన్న ఆలోచన దేశమంతటను ఆసక్తి రేపినది. ఆ కేంద్రము ఏటేట 16 లక్షల యూనిట్ల విద్యుత్తు నిచ్చుటయే గాక, 90 లక్షల లీటర్ల నీటిని ఆవిరి కాకుండ కాపాడునని ఆనాడు అంచనా వేసిరి. మూడేండ్లు గడువకముందే వడోదర చెంత అటువంటిదే 10 మెగావాట్ల కేంద్రము వెలసినది. 2015 జనవరిలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ దానిని ప్రారంభించెను. ఎండలు ముదిరి జలాశయములు అడుగంటిన ప్రతి వేసవిలోను, మన కాలువలకు గూడ ఇట్టి కప్పు వేసినచో నీటికరవు తీరిపోవునన్న మాట తెలుగునాట నలుగురు కూడిన చోటనెల్ల వినబడుచునే యున్నది.

ఈ ఆలోచనను నేను మనసార మెచ్చినవాడను. మెచ్చినవాడను గనుకనే, దానిని మెచ్చుటకు మనము సాధారణముగా చెప్పుకొను కారణము బలహీనమైనదనియు, అసలు కారణము వేరొకటి కలదనియు, ఆ రెండింటిని వేరుపరచి చూడనిచో మంచి పథకము తగని చోట పాతుకొని చెడ్డపేరు తెచ్చుకొనుననియు చెప్పవలసియున్నది.

మొదట ఆవిరి సంగతి. నీటిమీద నేరుగా పడెడి ఎండయు, ఉపరితలమును ఒరసికొని పోయెడి పొడిగాలియు కలిసి కాలువనీటిని హరించుచుండును. ఫలకములు ఎండను అడ్డగించును, గాలివేగమును కొంత తగ్గించును. ఐనను వాని నడుమ సందులు విడువక తప్పదు, ప్రక్కలు తెరచియే యుండును, కాబట్టి ఆవిరి తగ్గునే గాని ఆగదు. దీనికి తోడు మరియొక ఉపకారము కలదు. సౌరఫలకమునకు వెలుతురు మిత్రము, వేడి శత్రువు. 25 డిగ్రీలకు పైబడిన ప్రతి డిగ్రీకిని దాని ఉత్పత్తి నూటికి సుమారు 0.4 వంతున తగ్గిపోవుచుండును. మన మే నెల మధ్యాహ్నములలో ఫలకపు ఉపరితలము 60 డిగ్రీలు దాటుట వింత కాదు గనుక, క్రింద పారెడి నీటి చల్లదనము ఆ వేడిని ఏ కొంచెము తగ్గించినను అంతమేరకు లాభమే. నీడవలన నాచు, కలుపు పెరుగుట తగ్గును. ఫలకములపై దుమ్ము కడుగుటకు నీరు చేతికందునంత దూరముననే యుండును. ఇవన్నియు నిజములే.

ఐతే చంద్రాసన్ లెక్కను మన పొలముల కొలతలోనికి మార్చి చూచినవారికి కొంత నిరాశ కలుగక మానదు. వరి యొక ఎకరమునకు పంటకాలమున 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెననుకొన్నచో అది 48 లక్షల లీటర్లకు పైబడును. అనగా, ముప్పాతిక కిలోమీటరు కాలువకు కప్పు వేసి, ఏడాది పొడవునను మిగిల్చిన 90 లక్షల లీటర్ల నీరు రెండెకరముల వరికి నిండుగా చాలదు. ఒక టి.ఎం.సి. అనగా 2,831 కోట్ల లీటర్లు. ఆ వెడల్పుగల కాలువను ఈ ప్రకారము కప్పుకొనుచు పోయి ఒక్క టి.ఎం.సి. మిగిల్చుటకు సుమారు 2,360 కిలోమీటర్లు కప్పవలెను. కాలువ వెడల్పైన కొలది మిగులు పెరుగును, నిజమే. కాని వెడల్పైన కొలది దూలములు బరువెక్కును, స్తంభములు నీటిలో దిగవలసి వచ్చును, ఖర్చు మితిమీరును. గుజరాతువారు 458 కిలోమీటర్ల నర్మదా ప్రధానకాలువను విడిచి శాఖాకాలువలను ఎన్నుకొనుటలోని ఔచిత్యము ఇదియే. మన నాగార్జునసాగరపు కుడి, ఎడమ ప్రధానకాలువలు సైతము మొదలివద్ద అట్టి కప్పునకు ఒదిగెడివి కావు. వాని గట్లపై ఫలకములు నిలుపవచ్చును గాని అప్పుడు నీటికి నీడ దక్కదు.

మరి కాలువనీరు ఎక్కడికి పోవుచున్నది? నేలలోనికి పోవుచున్నది. ప్రగల్భముగా చెప్పుకొనుటకు వీలులేని, ఫొటోలకు అందని నష్టమిది. లైనింగు లేని మట్టికాలువలలోను, లైనింగు పగిలి పెచ్చులూడిన కాలువలలోను, ఎండ్రకాయలు బొరియలు చేసిన గట్లలోను, తలుపు లూడిపోయిన తూములవద్దను రాత్రింబవళ్ళు ఇంకి, కారి పోవుచున్న నీటి ముందర, ఎండకు ఆవిరియైపోవు నీరు స్వల్పము. తెలుగుగంగ ఒప్పందమును చూడుడు: మద్రాసు నగరపు దాహము తీర్చుటకై మూడు రాష్ట్రములు తలకు 5 టి.ఎం.సి.ల చొప్పున 15 టి.ఎం.సి.ల కృష్ణాజలమును విడువ నంగీకరించి, దారిలో ఇంకిపోవునది, ఆవిరియగునది కలిపి 3 టి.ఎం.సి.లు తీసివేసి, నగరమునకు చేరునది 12 అని వ్రాసికొన్నవి. దారి నష్టమునకు ఐదవ వంతు ముందుగానే ప్రక్కన పెట్టినారు. కండలేరునుండి పూండివరకు గల ఆ కాలువ గట్లు జారి నీరు సరిగా చేరకపోగా, తరువాతి కాలమున పుట్టపర్తి సత్యసాయిబాబా ట్రస్టు ధనముతో దానిని బాగుచేయించిన పిమ్మటనే ప్రవాహము మెరుగుపడినది. అక్కడ నీటిని నిలిపినది కప్పు కాదు, గట్టు, లైనింగు. నీటి పొదుపే మన లక్ష్యమైనచో తొలి రూపాయి పూడికతీతకును, లైనింగుకును, తూము తలుపులకును పోవలెను. ఈ విషయమున నాకు సందేహము లేదు.

ఇంత చెప్పిన పిమ్మటను కాలువలపై ఫలకములు వలయుననియే నేననుచున్నాను. ఏలయన, అవి మిగిల్చునది నీరుకన్న నేల యెక్కువ. నేలమీద 1 మెగావాటు సౌరకేంద్రము నిలుపుటకు నాలుగైదు ఎకరములు కావలెను. కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సౌరపార్కునకు ఇంచుమించు 6,000 ఎకరముల భూమి పట్టినది. కాగితములపై బీడు అని, బంజరు అని వ్రాయబడిన నేల యంతయు నిరుపయోగమని తలచుట రాయలసీమను ఎరిగినవారు చేయు పని కాదు. ఆ బీళ్ళలో గొఱ్ఱెల మందలు మేయుచున్నవి; వానలు పడిన ఏట వేరుసెనగయో, కందియో, కొఱ్ఱయో పండుచున్నది; దానిపై పట్టా లేని కుటుంబములు, పరిహారమునకు పేరెక్కని కుటుంబములు బ్రదుకుచున్నవి. ఇక డెల్టాలోనైతే బీడే లేదు. ఎకరము విడుచుటయనగా ఒక సంసారము యొక్క తిండిని విడుచుట. ఇట్టి చోట, ప్రభుత్వము చేతిలోనే యుండి, ఎవ్వరిని లేవగొట్టనక్కరలేని, వ్యాజ్యము లేని స్థలము కాలువ మీది ఆకాశమొక్కటే. చంద్రాసన్ కాలువ మిగిల్చిన నీరు రెండెకరములకు చాలకపోవచ్చును. అది మిగిల్చిన నేల నాలుగైదెకరములు. ఆ నేలలో ఏటేట పంట పండును. ఈ లెక్కయే నన్ను ఒప్పించినది.

ఖర్చు ఎక్కువన్న ఆక్షేపణ సత్యమైనది. చంద్రాసన్‌లో 1 మెగావాటుకు సుమారు పదునేడున్నర కోట్ల రూపాయలైనవి. వడోదరలో 10 మెగావాట్లకు 110 కోట్లవరకు అయినవి. కేంద్రప్రభుత్వము 2014 చివర ప్రకటించిన పథకములో కాలువమీది కేంద్రమునకు మెగావాటుకు 3 కోట్ల వరకు, కాలువగట్టు మీదిదానికి కోటిన్నర వరకు సహాయమని నిర్ణయించినప్పుడే, మొదటిది రెండవదానికంటె ఎంత బరువైన పనియో ఒప్పుకొన్నట్లైనది. గుజరాతు ప్రభుత్వమే తరువాత కచ్ లోని ఖావ్డా మైదానములవైపు మరలినది. అచట వేలకు వేల ఎకరముల ఉప్పునేల ఉన్నది గనుక వారికి అది తగును. భూమి చౌకయైన చోట భూమిమీద, భూమి ప్రియమైన చోట కాలువమీద అన్న వివేకము చాలును. దేశమంతటికి ఒకే కొలబద్ద పనికిరాదు.

ఆ కేంద్రపథకముననే మన ఏపీ జెన్‌కో సంస్థ పశ్చిమ గోదావరిలో, భీమవరము చెంతనున్న గొల్లవానితిప్పవద్ద 1 మెగావాటు కేంద్రమును కాలువపై నిర్మించినది. ఆ చోటును తలచినప్పుడు డెల్టాకు ప్రత్యేకమైన రెండు సంగతులు స్ఫురించును. ధవళేశ్వరము ఆనకట్టనుండి పారెడి కాలువలను దాళ్వా పూర్తికాగానే, సాధారణముగా ఏప్రిల్ చివరనో మేలోనో, కట్టివేసి, జూన్‌లో మరల విడుతురు. ఆవిరి అత్యధికముగా నుండు ఆ రోజులలోనే కాలువలో సాగునీరుండదు! అనగా నీటిపొదుపు పేరున డెల్టా కాలువను కప్పువారు, నీరే లేని నెలలకు నీడ నిచ్చువారగుదురు. నీటిని కాపాడవలెనన్న కోరికతో కాలువను ఎన్నుకొనువారు ఎండకాలమునను పారెడి త్రాగునీటి కాలువలను, లైనింగుగల శాఖలను చూడవలెను. రెండవది దీనికి ఎదురుగా నిలుచును. భీమవరము చుట్టునున్న చేపల, రొయ్యల చెఱువులలో ఏరియేటర్లు తిరుగుటకు విద్యుత్తు కావలెను. ఆ విద్యుత్తు కాలువమీదనే పుట్టినచో దూరపు తీగలలో నష్టపోదు, నేలకును చేటు రాదు. కాబట్టి గొల్లవానితిప్ప ఎన్నిక నీటి దృష్టితో బలహీనమైనను నేల దృష్టితో సమర్థనీయమే. సముద్రమునకు చేరువైన శివార్లలో ఉప్పుగాలి ఇనుమును తినివేయునన్న విషయమును మాత్రము దూలముల ధర కట్టునాడే లెక్కించుకొనవలెను.

కాలువ ఒక ఇంటి పైకప్పు వంటిది కాదు, దానిలో మనుష్యులు దిగి పనిచేయుదురు. ఏటేట కాలువ కట్టిన దినములలో ప్రొక్లెయినులు దిగి పూడిక తీయవలెను. తూడును, గుర్రపుడెక్కను లాగి గట్టున వేయవలెను. లస్కరులు గట్టువెంబడి నడచి గండ్లు చూడవలెను. వరద వచ్చిన రాత్రి లాకు తలుపులు ఎత్తవలెను. గట్టుపై రైతుబండ్లు, ట్రాక్టర్లు పోవును. రేవులలో పశువులు దిగును, స్త్రీలు బట్టలు ఉదుకుదురు. వీనినెల్ల మరచి మొదలునుండి తుదవరకు ఫలకములు పరచినచో, రెండేండ్లకే పూడిక పేరుకొని, నీరు పైకెగసి, శివారు ఆయకట్టునకు చుక్క చేరదు. నడుమ నడుమ యంత్రములు దిగుటకు తెరపలు, రేవులకు విడుపు, గట్టుబాటకు ఎత్తు ఇవి ఇంజనీరు గీసెడి మొదటి గీతలోనే ఉండవలెను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రము టర్లాక్ సాగునీటి జిల్లా కాలువలపై 2 కోట్ల డాలర్ల ప్రభుత్వధనముతో 1.6 మెగావాట్ల చిన్న ప్రయోగమును చేపట్టి, ఆవిరి ఎంత తగ్గినది, కలుపు ఎంత తగ్గినది, మరమ్మతు ఎంత కష్టమైనది అని విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులచేత కొలిపించుచున్నది. అరిజోనాలో గిలా నదీతీరపు ఆదివాసులైన పీమా, మారికోపా జనులు 2024లో తమ కాలువపై ఫలకములు నిలుపుకొని తమ విద్యుత్తును తామే పుట్టించుకొనుచున్నారు. కొలిచి చూచుట, సొంతదారులగుట అన్న ఈ రెండును మనకు ఆదర్శములు.

సొంతదారుల మాట వచ్చినది గనుక ముగింపునకు ముందు మరియొక విషయము. శ్రీశైలపు వెనుకనీటిని మెట్టుమెట్టుగా ఎత్తి అనంతపురము, చిత్తూరువైపు గొనిపోవు హంద్రీ–నీవా వంటి ఎత్తిపోతల పథకములకు విద్యుత్తే ప్రాణము, విద్యుత్తు బిల్లే గుదిబండ. పంపులు జోరుగా తిరుగునది వరదకాలమున, మబ్బుల నడుమ. ఫలకములు జోరుగా పండించునది వేసవిలో. ఈ వైరుధ్యమును కప్పిపుచ్చక, వేసవిలో గ్రిడ్డునకు ఇచ్చిన యూనిట్లను వానకాలపు పంపుల ఖాతాకు జమకట్టు ఏర్పాటు చేసినచో, ఆ కాలువ తన నీటిని తాను ఎత్తుకొన్నంత పని యగును. అట్లే 1997 నాటి చట్టము ప్రకారము ఏర్పడిన నీటివినియోగదారుల సంఘములకు తమ కాలువపై పుట్టిన విద్యుత్తు రాబడిలో నియతమైన భాగము లభించినచో, పూడికతీతకు ఏటేట ప్రభుత్వ నిధులకై ఎదురుచూచు దుస్థితి వారికి తప్పును.

ఉభయ తెలుగు రాష్ట్రముల జలవనరుల శాఖలకు నా విన్నపమిది. ఏ కాలువపైనైనను కప్పుకొరకు టెండరు పిలుచుటకు ముందు ఆ కాలువలో ఇంకుచున్న నీరెంత, ఆవిరియగుచున్న నీరెంత అన్నది ఒక సంవత్సరము కొలిచి, ఆ అంకెలను ఆయకట్టు గ్రామములలో ప్రకటింపుడు. లైనింగు, తూములు బాగుచేయనిదే దూలము వేయకుడు. రాబడిలో నీటిసంఘముల వాటాను ఒప్పందముననే వ్రాయుడు.