అన్నం వద్దు, వేపుడు వెయ్యి

ఈమధ్య పెళ్లి విందుల్లో వడ్డన కుర్రాళ్లకు కొత్త చిక్కొచ్చింది. అన్నం బేసిన్ పట్టుకుని వరసలో వస్తుంటే అక్కడక్కడా విస్తళ్లకు చేతులు అడ్డం పడుతున్నాయి. "అన్నం వద్దు బాబూ, ఆ వేపుడు ఇంకో గరిటె వెయ్యి." పక్కనున్న పెద్దాయన "షుగరా?" అని జాలిగా అడుగుతాడు. "కాదు బాబాయ్, కీటో." ఆ మాట చెవిన పడగానే ఎదుటి వరసలో ఇంకొకాయన తలెత్తి, తానెన్ని కిలోలు తగ్గాడో మొదలెడతాడు. పప్పు చల్లారిపోతుంది.

తెలుగునాట పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచే ఈ కీటో తిండి ఇంటింటి కబురు కావడంలో పెద్ద చెయ్యి వీరమాచనేని రామకృష్ణది. వైద్యుడు కాని ఆయన 2018 ప్రాంతంలో ఊరూరా సభలు పెట్టి చెప్పింది నాలుగే సూత్రాలు: రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం, చపాతీ, పంచదార బంద్. కొబ్బరినూనెను తలకు తప్ప ఎరగని ఇళ్లలో దాన్ని గ్లాసులో పోసుకుని తాగారు. చలికాలం పొద్దున గడ్డకట్టిన సీసాను వేణ్ణీళ్ల గిన్నెలో నిలబెట్టి, కరిగాక ముక్కు మూసుకుని మింగినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. డాక్టర్లు టీవీల్లో మండిపడ్డారు. జనం ఆగలేదు.

ఎందుకు ఆగలేదో చూడాలి. షుగరొచ్చినవాడికి డాక్టరు దగ్గర దొరికేది మూడు నిమిషాలు. "అన్నం తగ్గించండి, నడవండి" అని చీటీ చేతిలో పెడతారు. తగ్గించడమంటే ఎంత? గరిటెడా, కప్పా? బదులు ఏం తినాలి? రాత్రి ఆకలేస్తే? నోరు తెరిచేలోపే తరవాతి టోకెన్ పిలుస్తారు. సభలో అయితే గంటల తరబడి కూర్చోబెట్టి, ఏది ఎంతో కొలత చెప్పి, సందేహాలు తీర్చి పంపారు. నూనె తాగమన్నా జనం వెళ్లింది ఆ కొలత కోసమే. వైద్యులు ఎగతాళి చేసినంత శ్రద్ధగా ఈ సంగతి గమనించి ఉంటే బాగుండేది.

ఫలితం కనబడిందా అంటే, కనబడింది. వండిన అన్నం వంద గ్రాముల్లో పిండిపదార్థం దాదాపు 28 గ్రాములు. కీటోలో రోజు మొత్తానికి మామూలుగా 50 దాటకూడదు. పప్పులోకి, పులుసులోకి కలుపుకునేసరికే ఆ లెక్క అయిపోతుంది, పెరుగన్నం సంగతి సరేసరి. పిండి ఆగితే కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేస్తుంది, ఒళ్లు వాటితో నడుస్తుంది. మొదటి వారంలో దిగే బరువులో మాత్రం చాలావరకు నీళ్లే. ఒంట్లో నిలవున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఒక్కో గ్రాము దగ్గర దగ్గర మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖర్చయితే నీరూ పోతుంది. ఆ వారం తూకం చూసుకున్నాయన చుట్టాలందరికీ ఫోన్ చేస్తాడు. ఏడాది తర్వాతి తూకం గురించి ఫోన్లు రావు. 2018లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పిండి, ఇంకో జట్టుకు కొవ్వు తగ్గించి ఏడాది చూశారు. ఆ పిండి తగ్గింపు కీటో అంత కఠినం కాదనుకోండి. రెండు జట్లూ తగ్గిన బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండు జట్లకూ పంచదార, మైదా తగ్గించమన్నారు. మనవాళ్లలోనూ సగం పని అదే చేసిందని నా అనుమానం.

ఈ తిండి మొదట మూర్ఛకు మందు. 1921లో అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుడు రసెల్ వైల్డర్ ప్రతిపాదించాడు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ ఇస్తారు. అక్కడ డైటీషియన్ ప్రతి గ్రామూ తూస్తుంది, మధ్యమధ్య రక్తపరీక్షలు చేస్తారు. మన దగ్గర వాట్సాప్ గ్రూపు చూసుకుంటుంది.

నాకు భయం అక్కడే. ఇన్సులిన్, కొన్ని రకాల షుగరు మాత్రలు వాడుతూ ఉన్నట్టుండి అన్నం మానేస్తే చక్కెర పడిపోయి స్పృహ తప్పొచ్చు. పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండే మాత్రలు వేసుకునేవాళ్లకు ఇంకో గండం: రక్తంలో కీటోన్లు మితిమీరి ప్రాణం మీదికొచ్చినా, మీటర్లో చక్కెర పెద్దగా పెరిగినట్టు కనబడకపోవచ్చు. వాంతులు, ఆయాసం వస్తే తిన్నది పడలేదనుకుంటారు. డాక్టరుకు చెబితే తిడతాడని దాచి మొదలెట్టేవాళ్లే ఎక్కువ.

వంటింటి లెక్క వేరే ఉంది. ఆయన కీటో అంటే ఆవిడకు రెండు వంటలు. పిల్లలకు అన్నం, పప్పు; ఆయనకు క్యాలీఫ్లవర్ తురిమి, నీళ్లు పిండి, పులిహోర తాలింపు. పనీరు, చీజు, బాదం పిండి కొనే స్తోమత ఉన్న ఇల్లయితేనే ఇది. రేషన్ బియ్యంతో గడిచే కొంపలో ఈ ప్రస్తావనే రాదు, షుగరు మాత్రం అక్కడికీ వచ్చింది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, తిండి నుంచి వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దంది. నూనె తాగక్కర్లేదు, క్యాలీఫ్లవర్ తురమక్కర్లేదు. అన్నం ఒక గరిటె తగ్గి, పప్పూ కూరా ఒక గరిటె పెరగాలి. షుగరు క్లినిక్ బయట టోకెన్ పట్టుకుని గంటసేపు కూర్చునే జనానికి ఓ నర్సు కంచంలో వడ్డించి ఇది చూపించొచ్చు. కనీసం అక్కడి టీవీలోనైనా వేయొచ్చు. ప్రస్తుతం అందులో సీరియల్ వస్తోంది.