ఇటలీ కొండల్లో సైకిల్ తొక్కితే తెలిసింది: పొలం బతికుంటేనే బాట బతుకుతుంది



పైన పెట్టిన వీడియో ఇటలీలో, టస్కనీ ప్రాంతంలోని కియాంతి కొండల్లో తీసింది. అందులో పెద్ద విశేషాలేమీ ఉండవు. తెల్లటి మట్టి రోడ్డు, రెండు సైకిళ్లు, అటూ ఇటూ ద్రాక్ష, ఆలివ్ తోటలు, టైర్ల కింద కంకర చప్పుడు. అంతే. మరి మన ప్రకృతి వ్యవసాయం పేజీలో ఇదెందుకు అంటారా? ఈ మధ్య మన రైతుల్లో చాలామంది "అన్నా, ఫార్మ్ స్టే పెడదామనుకుంటున్నా, ఎన్ని గదులు కట్టమంటావు, స్విమ్మింగ్ పూల్ ఉండాలా" అని అడుగుతున్నారు. దానికి నా జవాబు ఆ తెల్ల రోడ్డు మీద ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ప్రపంచం నలుమూలల నుంచి మనుషులు డబ్బు పెట్టుకుని ఆ కొండలకు వచ్చి చెమటలు కక్కుతూ సైకిల్ తొక్కుతున్నారంటే, అక్కడ వ్యవసాయం ఇంకా నడుస్తోంది కాబట్టి. సేద్యం ఆగిపోయిన రోజు ఆ అందమూ పోతుంది, ఆ ప్రశాంతతా పోతుంది. అందుకే పొలం ముందు, అతిథి తర్వాత.

నేను అగ్రికల్చర్ డిప్లొమా చేశాను. మదనపల్లె దగ్గర మెట్ట పొలంలో వేరుశనగ, కొర్ర, రాగి పండిస్తాను. ఒక చిన్న గానుగ కూడా నడుపుతున్నా. అక్టోబర్ చివర్లో అక్కడికి వెళ్లింది ఆలివ్ నూనె మిల్లులు చూడ్డానికి. మ్యూనిక్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది "కార్లో తిరిగితే ఏమీ కనబడదు బావా, సైకిళ్లు అద్దెకు తీసుకుందాం" అన్నాడు. నాలుగు రోజులు తిరిగాం. రోజుకు నలభై కిలోమీటర్లు దాటలేదు. మైదానంలో అది పెద్ద లెక్క కాదు గానీ అక్కడ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. కొన్ని చోట్ల దిగి తోసుకుంటూ పోవాల్సిందే.

ఆ రోడ్లను వాళ్లు "స్త్రాదె బియాంకె" అంటారు, అంటే తెల్ల రోడ్లు. తారు ఉండదు. సున్నపురాయి కంకర పరిచి అణగదొక్కిన బాటలు. చాలావరకు కొండ వీపు మీదుగానే పోతాయి. సియెనాకు దక్షిణాన ఉన్నదంతా బంకమట్టి నేల, వాన పడితే వాలు జారిపోతుంది. అందుకే పాతకాలం వాళ్లు బాటను పైన వేసి, పొలాలను కిందికి వదిలారు. సైకిల్ మీద పోయేవాడికి రెండు వైపులా పొలాలు పరిచినట్టు కనబడటానికి కారణం అదే. ఎవరో రైతు జీపు, ఒక ట్రాక్టరు తప్ప గంటసేపు ఏ బండీ ఎదురుపడని చోట్లు ఉన్నాయి. కుక్క అరుపు, గాలి, ఎక్కడో చర్చి గంట, ఇవే వినిపిస్తాయి.

ఇంత ప్రశాంతత ఎక్కడి నుంచి వచ్చింది? దాని వెనక కథ అంత సంతోషకరమైంది కాదు. ఆ ప్రాంతంలో వందల ఏళ్లు "మెజ్జాద్రియా" అనే పద్ధతి ఉండేది. భూమి యజమానిది, చాకిరీ రైతు కుటుంబానిది, పంట చెరిసగం. మన దగ్గర కోరుకు చేయడం లాంటిదే. 1950, 60లలో ఆ కుటుంబాలు కొండలు వదిలేసి ఫ్యాక్టరీ పనులకు పట్టణాలకు వెళ్లిపోయాయి. 1964లో చట్టం చేసి ఆ పద్ధతిలో కొత్త ఒప్పందాలను నిషేధించేనాటికే ఎన్నో రాతి ఇళ్లు ఖాళీ అయిపోయాయి. ఊళ్లు ఖాళీ అవ్వడం వల్ల వచ్చిన నిశ్శబ్దం అది. మన మెట్ట ప్రాంతాల వాళ్లకు ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఖాళీ నిశ్శబ్దం బతుకున్న నిశ్శబ్దంగా మారడానికి ఏం చేశారన్నది మనకు పనికొచ్చే సంగతి. నాకు కనబడినవి రెండు.

ఒకటి, బాటను కాపాడుకున్నారు. వాడకం లేని మట్టి రోడ్డుకు రెండే దారులు: ముళ్లపొదల్లో కలిసిపోవడం, లేదంటే తారు కింద పోవడం. 1997లో గయోలే ఇన్ కియాంతి అనే చిన్న ఊళ్లో జాన్‌కార్లో బ్రోచ్చి అనే ఆయన "లెరోయికా" పేరుతో ఒక సైకిల్ యాత్ర మొదలుపెట్టారు. ఉద్దేశం ఈ తెల్ల రోడ్లను కాపాడటం. మొదటి ఏడు వచ్చింది 92 మంది. 1987కు ముందు తయారైన పాత సైకిళ్ల మీదే రావాలని నియమం. ఇప్పుడు వేలమంది వస్తున్నారు. పెద్ద దారి 209 కిలోమీటర్లు, బోర్డులు పెట్టి ఉంటాయి కాబట్టి ఏడాదంతా ఎవరైనా తొక్కొచ్చు. 2007 నుంచి ఈ తెల్ల రోడ్ల పేరు మీదే పెద్ద ప్రొఫెషనల్ రేసు కూడా జరుగుతోంది. తారు లేకపోవడమే వెనకబాటు అనుకునే రోడ్డుకు, తారు లేకపోవడమే విలువ అయింది.

రెండోది చట్టం. పొలంలో అతిథులను ఉంచుకోవడాన్ని అక్కడ "అగ్రితురిజ్మో" అంటారు. దీనికి 1985లోనే జాతీయ చట్టం తెచ్చారు, 2006లో దాన్ని కొత్తగా రాశారు. అందులో అసలు మాట ఒక్కటే: అతిథుల పని కంటే సేద్యం పని ఎక్కువ ఉండాలి. దాన్ని కొలిచేది ముఖ్యంగా దేనికెంత పని సమయం పడుతోందన్న లెక్క మీద. అతిథులు పది మందికి మించకపోతే సేద్యమే ప్రధానమని ఒప్పుకుంటారు. వడ్డించే భోజనంలో చెప్పుకోదగ్గ భాగం సొంత పొలంలోది అయ్యుండాలి. అంటే రైతు కానివాడు ఆ బోర్డు పెట్టుకోలేడు. ఈరోజు ఇటలీ మొత్తం మీద ఇలాంటివి 25 వేలకు పైగా ఉన్నాయి.

ఇక సైకిల్ మీద వచ్చే అతిథి సంగతి. కార్లో వచ్చేవాడు గది చూస్తాడు, బాత్రూం చూస్తాడు. సైకిల్ మీద వచ్చేవాడు గంటకు పది కిలోమీటర్ల వేగంతో పొలం చూస్తాడు. మందు కొట్టుంటే ముక్కుకు తెలిసిపోతుంది. నేల బోడిగా ఉందా, కప్పి ఉందా కనబడుతుంది. అక్కడ సేంద్రియ ద్రాక్ష రైతులు చాలామంది సాళ్ల మధ్య చిక్కుడు జాతి గింజలు, క్లోవర్, బార్లీ కలిపి చల్లి, వసంతంలో నేలలో కలిపేస్తారు. "సోవెషో" అంటారు. మనం జనుము, పిల్లిపెసర, నవధాన్యాలు చల్లినట్టే. దాన్ని ప్రతి అడుగూ చూసుకుంటూ వచ్చినవాడికి సాయంత్రం భోజనం దగ్గర మన పంట గురించి కొత్తగా ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. పైగా కొండలెక్కి వచ్చాడు కాబట్టి కడుపు నిండా తింటాడు! మోయలేడు కాబట్టి నూనె డబ్బాలు ఇంటికి పంపించమని ఆర్డర్ ఇచ్చి పోతాడు. రోజుకో ఊళ్లో ఆగుతాడు కాబట్టి డబ్బు ఒక్క రిసార్టు దగ్గరే ఆగదు.

నేను ఆగిన మిల్లులో ఇదే చూశాను. పొద్దున కోసిన ఆలివ్ కాయలు ఆ రోజే ఆడేస్తున్నారు. 27 డిగ్రీలు దాటితే "కోల్డ్" అనే మాట లేబుల్ మీద వాడకూడదని అక్కడి నియమం, అందుకే వేడి మీద కన్నేసి ఉంచుతారు. కాల్చిన రొట్టె మీద కొత్త నూనె పోసి చేతికిచ్చారు. గొంతులో ఘాటుగా తగిలింది. ఆ మిల్లాయన మాకోసం పని ఆపలేదు. "చూడండి, తినండి, అడ్డం మాత్రం రాకండి" అన్నట్టుంది వ్యవహారం. నాకది చాలా నచ్చింది.

పొలం ముందు అనే మాటకు ఇంకా గట్టి సాక్ష్యం పక్కనే ఉన్న ఉంబ్రియాలో ఉంది. అక్కడ స్పొలెతో నుంచి నోర్చా దాకా 51 కిలోమీటర్ల కొండ రైలు మార్గం 1968లో మూతపడింది. ఆ సొరంగాలు, వంతెనల మీదుగా ఇప్పుడు సైకిల్ బాట ఉంది. నోర్చా పైన కొండల మధ్య కాస్తెలుచ్చో అనే ఊరు చిన్న గింజ పప్పుధాన్యానికి, అంటే మసూర్ జాతికి, పేరు పొందింది. జూన్ చివర నుంచి జూలై మొదటి వారాల దాకా ఆ చేలు ఎరుపు, నీలం, పసుపు పూలతో నిండిపోతాయి. అవి చూడ్డానికే జనం ఎగబడతారు. ఆ పూలేంటో తెలుసా? పప్పు చేలో కలుపు మొక్కలు! 2016 భూకంపంలో ఊరు కూలిపోయింది, రోడ్లు తెగిపోయాయి. అయినా 2017 వసంతంలో రైతులు పట్టుబట్టి, ట్రాక్టర్లు వరుసకట్టి కొండెక్కి విత్తనం వేశారు. హోటళ్లు లేవు, ఇళ్లు లేవు. అయినా ఆ వేసవిలో పూలు వచ్చాయి. ముందు విత్తనమే వేశారు, చూడండి.

అక్కడంతా బాగుందని నేను చెప్పను. ఒకప్పుడు ఆ పొలాల్లో ద్రాక్ష తీగలను చెట్లకు పాకించి, మధ్యలో గోధుమ, ఆలివ్ కలిపి పండించేవాళ్లు. మన అంతర పంటల్లాగే. తర్వాత చాలా చోట్ల ఒక్క ద్రాక్షే మిగిలింది. ఖాళీ అయిన ఇళ్లను బయటి డబ్బున్నవాళ్లు కొనేశారు, స్థానిక కుర్రాళ్లకు ఆ ధరలు అందవు. అడవి పందుల బెడద మనకంటే తక్కువేం కాదు, కరెంటు కంచెలు చాలా చోట్ల కనబడ్డాయి.

"మట్టి రోడ్డు గొప్పేంటి తమ్ముడూ, వానాకాలం అంబులెన్సు రాకపోతే తెలుస్తుంది" అని మీరు అనొచ్చు. నిజం. అక్కడ కూడా ఊరి నుంచి ఊరికి పోయే పెద్ద రోడ్లు తారువే. నేను చెప్పేది పొలాల మధ్య డొంకల గురించి. మన డొంకలను ఆక్రమించేస్తున్నాం, గట్ల మీద చెట్లు కొట్టేస్తున్నాం, ఆ తర్వాత "నేచర్ ఫీల్" కోసం లక్షలు పోసి లాన్ వేస్తున్నాం. లాన్‌కు పోసే నీళ్లతో ఎన్ని మునగ చెట్లు బతుకుతాయో లెక్కేయండి.

ఫార్మ్ స్టే పెట్టాలనుకునే వాళ్లకు నా మాట ఇది. మీ అప్పు గదుల మీద కాకుండా నేల మీద, నూనె మీద, పప్పు మీద పెట్టండి. రెండు గదులు చాలు. మీ ఊరి డొంకను నలుగురు రైతులు కలిసి బాగుచేసుకోండి, నీడ చెట్లు నాటండి. వచ్చినవాళ్లను మీ పొలం దగ్గరే కట్టేయకుండా పక్క రైతు పొలం మీదుగా నడిపించండి, లేదా సైకిల్ ఇచ్చి పంపండి. విత్తే రోజు, కోత రోజు అతిథి ఫోన్ చేస్తే "రండి, కానీ ఆ రోజు మాకు పనుంది" అని చెప్పగలగాలి. ఆ మాట చెప్పలేని రోజు మనం నడిపేది లాడ్జి అవుతుంది.