బండి అందింది.. బాగోగులెవరివి?

మూడు చక్రాల స్కూటర్లపై కామారెడ్డికి వికలాంగుల రాకపోకలు
మరమ్మతుల భారం వారిపైనే

తాడ్వాయి: చదువుకైనా, కొలువుకైనా, చిన్నపాటి వ్యాపారానికైనా తాడ్వాయి మండల వాసులు కామారెడ్డి బాట పట్టక తప్పదు. పోను రాను సుమారు 30 కిలోమీటర్లు. కాళ్లు సహకరించని వారికి ఈ దూరం ఒకప్పుడు ఇతరుల దయపై ఆధారపడిన ప్రయాణం. ఆర్టీసీ బస్సు మెట్లు వారికి అందవు. సగం చార్జీ రాయితీ ఉన్నా ఎక్కించే చేయి కావాలి. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చాక బస్సుల్లో రద్దీ పెరిగింది. వికలాంగులకు కేటాయించిన సీటు దాకా చేరుకోవడమే గగనమవుతోంది. ఈ పరిస్థితుల్లో వెనుక భాగాన ఇరుపక్కలా అదనపు చక్రాలు బిగించిన స్కూటరు వారికి పెద్ద ఆసరాగా మారింది. ఎప్పుడు బయలుదేరాలో, ఎప్పుడు ఇల్లు చేరాలో నిర్ణయించుకునే వీలు చిక్కింది.

రాష్ట్ర ప్రభుత్వం వికలాంగుల సహకార సంస్థ ద్వారా ఇలాంటి వాహనాలను పలు విడతలుగా పంపిణీ చేసింది. సొంత సొమ్ముతో స్కూటరు కొని చక్రాలు బిగించుకున్న వారూ ఉన్నారు. పంపిణీ నాడు ప్రజాప్రతినిధులు తాళంచెవులు అందజేస్తారు, ఫొటోలు దిగుతారు. ఆ మరుసటి రోజు నుంచి బండి బాగోగులు ఎవరు చూడాలన్న ప్రశ్నకు మాత్రం ఆ హడావుడిలో చోటు దక్కడం లేదు.

పేరుకు మూడు.. లెక్కకు నాలుగు

వాడుకలో మూడు చక్రాల బండి అంటున్నా, మార్పులు చేసిన స్కూటర్లలో అత్యధికం నేలపై నాలుగు చక్రాలతో నడుస్తాయి. ముందు ఒకటి, ఇంజను తిప్పే వెనుక చక్రం ఒకటి, దానికి అటూ ఇటూ రెండు. చిక్కంతా ఈ రెండింటి ఎత్తులోనే ఉంది. పక్క చక్రాలను కాస్త కిందికి దించి బిగిస్తే బరువంతా వాటిపై పడి, ఇంజను తిప్పే చక్రానికి నేలపై పట్టు తప్పుతుంది. తడిసిన రేగడిలోనో, గుంత దాటేటప్పుడో ఆ చక్రం గాలిలో తిరుగుతుందే తప్ప బండి అంగుళం కదలదు. మరీ పైకి బిగిస్తే బండి ఒక పక్కకు ఒరిగి, ఆ వైపు బేరింగు త్వరగా అరిగిపోతుంది. ఒక్కరు కూర్చున్నప్పుడు సరిగా ఉన్న ఎత్తు, వెనుక మరొకరు ఎక్కితేనో, బియ్యం బస్తా వేస్తేనో మారిపోతుంది. రెండు వైపులా గాలి సమానంగా ఉందో లేదో వారానికోసారైనా చూసుకోక తప్పదు.

మలుపుల వద్ద కూడా తేడా ఉంది. మామూలు ద్విచక్ర వాహనం మలుపులో లోపలికి వాలుతుంది. పక్క చక్రాలున్న బండికి ఆ వీలు లేదు. వేగంగా తిప్పితే లోపలి వైపు చక్రం నేల విడిచి, బండి బయటికి బోల్తా కొట్టే ప్రమాదముంది. అందుకే అనుభవం గలవారు మలుపు రాకముందే వేగం బాగా తగ్గించి, నడుము పైభాగాన్ని మలుపు లోపలికి వంచుతారు. రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, అంతకు ముందు మోటారు సైకిలు నడిపిన అలవాటున్న వారు మొదటి నెలల్లో ఎక్కువగా తడబడేది ఇక్కడే. పాత అలవాటు కొద్దీ బండిని వాల్చబోతారు. బండి వాలదు. హ్యాండిల్ తిప్పి నడపడం కొత్తగా నేర్చుకోవాలి.

ఇటలీకి చెందిన పియాజియో సంస్థ 2006లో 'ఎంపీ3' పేరిట మూడు చక్రాల స్కూటరును విడుదల చేసింది. ముందున్న రెండు చక్రాలు మలుపులో బండితో పాటు వాలేలా దాన్ని రూపొందించారు. ఐరోపా నగరాల్లో ఉద్యోగులు దానిపై కార్యాలయాలకు వెళ్తుంటారు. అక్కడ అది సౌకర్యం కోసం ఎంచుకునే వాహనం. ఇక్కడ ఇనుప ఇరుసుకు వెల్డింగు చేసిన రెండు చక్రాలే బతుకుదెరువు. ఆ వెల్డింగు ఎంత పటిష్ఠంగా ఉందన్నదే నడిపే వారి ప్రాణాలకు భరోసా.

బ్రేకుల విషయమూ పట్టించుకోవలసిందే. పక్క చక్రాలకు సాధారణంగా బ్రేకులుండవు. పెరిగిన బరువునంతా పాత బ్రేకులే ఆపాలి. కనుక ముందు వాహనానికి మరింత దూరం పాటించాలి, బ్రేకు షూలను తరచూ చూపించుకోవాలి. వెనక్కి వెళ్లే గేరు లేకపోవడం మరో తంటా. దిగి వెనక్కి నెట్టుకోలేని వ్యక్తి ఇరుకు సందులోకి వెళ్తే తిరిగి రావడానికి ఎవరినో ఒకరిని పిలవాల్సిందే. వెనక్కి నడిపే అమరిక విడిగా దొరుకుతున్నా అందరి స్కూటర్లకూ అది లేదు.

సెల్ఫ్ మొరాయిస్తే అంతే

ఒకప్పుడు గేర్లున్న స్కూటర్లకు చక్రాలు బిగించుకునేవారు. కిక్కు కొట్టడానికి మరో మనిషి కావలసి వచ్చేది. 1984లో వచ్చిన కైనటిక్ హోండా మీట నొక్కితే కదిలేది, గేర్లూ లేవు. ఆపైన యాక్టివా వంటివి రావడంతో రెండు బ్రేకులూ చేతులతోనే వేయగల బండ్లు పల్లెలకు చేరాయి. కానీ సౌలభ్యమంతా బ్యాటరీ చుట్టూనే తిరుగుతోంది. అది నీరసిస్తే మామూలు వ్యక్తి నాలుగు కిక్కులు కొట్టి గట్టెక్కుతాడు. కాలు లేని వ్యక్తి నడిరోడ్డుపై ఆగిపోతాడు. అందుకే వీరికి బ్యాటరీ మార్పు వాయిదా వేయదగిన ఖర్చు కాదు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. కార్బ్యురేటరు స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంధన విధానం చేరింది. లోపం ఎక్కడుందో కనిపెట్టాలంటే తగిన పరికరం కావాలి. అది ఊరి మెకానిక్ వద్ద అరుదు. పట్టణంలోని కంపెనీ సర్వీసు కేంద్రానికి తీసుకెళ్తే ఇంజను సంగతి చూస్తారు గానీ, బయట బిగించిన చక్రాలు తమ పని కాదంటారు. వెల్డింగు దుకాణంలో ఇరుసు అతికిస్తారు, రెండు చక్రాల వరుస సరిచూసే సాధనం వారి వద్ద ఉండదు. ఇలా ఒకే బండి ఇద్దరి మధ్య నలుగుతోంది. ఇరుసు సొట్టపోయి చక్రం వంకరగా తిరిగితే టైరు ఒక అంచున అరిగి గుడ్డ తేలుతుంది. అప్పటికి గాని లోపం బయటపడదు. అదనపు బరువు లాగడం వల్ల లోపలి బెల్టు, క్లచ్చు కూడా గడువుకు ముందే అరుగుతాయి. వానాకాలంలో నీటిలో నడిపాక బేరింగులకు గ్రీజు పట్టించకపోతే తుప్పు పడుతుంది.

దారి పొడవునా ఆటంకాలే

మోటారు సైకిలుకు రోడ్డుపై జానెడు దారి దొరికినా చాలు, గుంతలు తప్పించుకుని వెళ్తుంది. మూడు గాడుల్లో నడిచే ఈ బండికి అది సాధ్యం కాదు. ముందు చక్రం గుంతను తప్పించుకుంటే పక్క చక్రం అందులో పడుతుంది. ఎర్రాపహాడ్, కృష్ణాజివాడి, దేమికలాన్, సంతాయిపేట వంటి గ్రామాల వారు ప్రధాన రహదారికి చేరేలోపే సగం అలసిపోతారు. కోతల కాలంలో రోడ్డుకు ఒక వైపు వడ్లు ఆరబోస్తారు. కల్లాల కొరత ఉన్న చోట రైతును తప్పుబట్టి ప్రయోజనం లేదు. కానీ కుప్పపై నల్ల కవరు కప్పి, చుట్టూ రాళ్లు పెడితే చీకట్లో కానరాదు. ఎదురుగా లారీ వస్తే వెడల్పాటి ఈ బండి రోడ్డు దిగాలి. తారు అంచుకూ మట్టికీ మధ్య జానెడు దిగుడు ఉన్న చోట దిగితే తిరిగి ఎక్కడం కష్టం. పక్కకు ఒరిగితే లేపేవారు కావాలి.

వేగ నిరోధకాల తీరు మరీ అధ్వానం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల ప్రకారం అవి 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా లేచి మెల్లగా దిగాలి. పల్లెల్లో ఎవరికి వారు పోసుకున్న సిమెంటు దిమ్మెలు గోడల్లా లేస్తున్నాయి. మధ్యలోని వెనుక చక్రం దిమ్మె దాటే లోపు ఇరుసు దానికి తగులుతుంది. వెల్డింగులు పగిలేది ఎక్కువగా అక్కడే.

2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాను వరద ముంచెత్తింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. జిల్లాలో రోడ్లు, కల్వర్టులు కొట్టుకుపోయాయి. ఇలాంటప్పుడు వేసే తాత్కాలిక కంకర దారిపై మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు రెండు రోజులకే నడుస్తాయి. పక్క చక్రాల స్కూటర్లకు మాత్రం తారు పడే దాకా దారి మూసుకుపోయినట్లే. రోడ్డు 'పునరుద్ధరణ' అయిందని నివేదికలు చెప్పేటప్పుడు ఎవరికి అయిందన్నది అందులో ఉండదు.

పింఛనులో సగం పెట్రోలుకే

రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగితే 750 కిలోమీటర్లు. పక్క చక్రాలతో లీటరుకు 40 కిలోమీటర్లు వచ్చినా దాదాపు 19 లీటర్లు కావాలి. పెట్రోలు ధర 2021లో వంద రూపాయలు దాటింది. నెలకు సుమారు రెండు వేలు ఇంధనానికే అవుతుంది. రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2023లో రూ.3,016 నుంచి రూ.4,016కు పెరిగింది. అంటే పింఛనులో సగం ట్యాంకులోకే పోతుంది. ఇంత తిరిగే బండికి నాలుగు నెలలకోసారి ఇంజను ఆయిలు మార్చాలి. టైర్లు, బ్యాటరీ, బెల్టు, బీమా ఖర్చులు అదనం. చదువుకునే యువకునికి, చిన్న జీతంపై పనిచేసే వ్యక్తికి ఇది మోయలేని బరువు. చిన్న మరమ్మతును వాయిదా వేస్తే అది పెద్దదై, చివరికి బండి ఇంటి ముందు చెట్టు కింద పరదా కప్పుకుంటోంది. బండి మూలపడిందని అర్జీ పెట్టుకోవాలన్నా సోమవారం ప్రజావాణికి కామారెడ్డి కలెక్టరేటుకు వెళ్లాలి. అందుకు ఆటో కిరాయి మళ్లీ సొంతమే.

కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో తయారుచేసే బ్యాటరీ మూడు చక్రాల బండ్లను తీవ్ర వైకల్యం ఉన్న వారికి అందిస్తున్నారు. పెట్రోలు ఖర్చు లేదు, ఇంట్లోనే చార్జింగు పెట్టుకోవచ్చు. ఊరిలో దుకాణానికి, బడికి అవి చక్కగా సరిపోతాయి. లారీలు తిరిగే రహదారిపై కామారెడ్డి దాకా రోజూ వెళ్లి రావడానికి అవి సరిపోవు.

మారిన చట్టం.. అందని అవగాహన

1988 మోటారు వాహనాల చట్టం వికలాంగుల వాహనాన్ని నిర్వచిస్తూ, అది ప్రత్యేకంగా తయారు చేసినదై ఉండాలని, కేవలం మార్పులు చేసినది చాలదని పేర్కొంది. అంటే మామూలు స్కూటరుకు చక్రాలు బిగించుకున్న వారు ఏళ్ల తరబడి ఆ నిర్వచనం గడప బయటే ఉండిపోయారు. 2019 సవరణ ఈ లోపాన్ని సరిదిద్దింది. రిజిస్ట్రేషన్ అధికారి అనుమతితో మార్పులు చేసిన వాహనం కూడా ఇప్పుడు అందులో చేరింది. (వికలాంగులను దివ్యాంగులనడం కూడా ఈ మధ్య మొదలైంది. పేర్లు మారినంత వేగంగా బేరింగులు మారడం లేదు.)

అనుమతి తీసుకుని ఆర్సీలో మార్పు నమోదు చేయించుకోవడం తప్పనిసరి అన్న సంగతి చాలామందికి తెలియదు. పట్టణంలో తెలిసిన దుకాణంలో చక్రాలు బిగించుకుని నేరుగా రోడ్డెక్కుతున్నారు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట అడిగేది ఈ కాగితమే. లైసెన్సు కూడా ఈ తరగతి వాహనానికి విడిగా ఉండాలి. లెర్నింగ్ లైసెన్సు తీసుకున్న 30 రోజుల తర్వాత సొంత బండిపైనే పరీక్షకు హాజరు కావాలి. పంపిణీ రోజునే రవాణా శాఖ సిబ్బందిని పిలిపించి ఆర్సీ, లెర్నింగ్ లైసెన్సు పనులు అక్కడే పూర్తిచేస్తే లబ్ధిదారులకు నాలుగైదు తిరుగుళ్లు తప్పుతాయి.

2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ ఇంకాస్త ముందుకు వెళ్లింది. అందుబాటు ఖర్చులో స్వతంత్రంగా తిరగగలిగేలా ప్రభుత్వాలు పథకాలు రూపొందించాలని, వాహనాల్లో మార్పులు, వ్యక్తిగత రాకపోకలకు సాయం అందులో ఉండాలని పేర్కొంది. అందుబాటు ఖర్చు అన్న మాటను కొనుగోలు ధరకే పరిమితం చేయాలని చట్టంలో ఎక్కడా లేదు. పశువులకు గాలికుంటు టీకాల శిబిరాలు ఊరూరా పెడుతున్నట్లు, వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మండల పరిషత్ కార్యాలయ ఆవరణలో ఈ వాహనాల తనిఖీ పెట్టడానికి పెద్ద బడ్జెట్ అవసరం లేదు. ఐటీఐల్లో మోటారు మెకానిక్, వెల్డర్ కోర్సులు చదివే విద్యార్థులకు అది శిక్షణగానూ ఉపయోగపడుతుంది. ఇరుసు వరుస, వెల్డింగు, బేరింగు, బ్యాటరీ, బ్రేకులు చూడటానికి ఒక్కో బండికి అరగంట చాలు.

ఇకపై వాహనాలు సరఫరా చేసే సంస్థలతో కుదుర్చుకునే ఒప్పందాల్లో పక్క చక్రాలకూ రెండు మూడేళ్ల హామీ, జిల్లా కేంద్రంలో ఒక మరమ్మతు కేంద్రం ఉండాలన్న షరతు చేరిస్తే, ఇంజనుకు ఒకరు, ఇరుసుకు మరొకరు అంటూ తిప్పించే పరిస్థితి చాలావరకు తగ్గుతుంది. ఇప్పటికే రోడ్డుపై ఉన్న బండ్లకు మాత్రం ఆ షరతు వర్తించదు. వాటి యజమానులు ప్రస్తుతానికి తమ వెల్డింగు దుకాణాలనే నమ్ముకుని ఉన్నారు.