పీఎస్‌పీ కొంటున్నారా? ముందు మోడల్ నంబర్ అడగండి
సెకండ్ హ్యాండ్‌లో "పీఎస్‌పీ, గుడ్ కండిషన్" అనే యాడ్ కనిపిస్తే ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఏ మోడల్? పోయిన ఎండాకాలం ఆ ప్రశ్న అడగలేదు. మా చిన్నాయన కొడుకు దాచుకున్న డబ్బులు నా మాట నమ్మి పెట్టేశాడు.

మాది తుమ్మలపల్లె. ఊరి పేరు చెప్తే అందరూ యురేనియం గని గురించే అడుగుతారు, అది వేరే సంగతి. వాడుండేది పులివెందులలో. నా దగ్గర పాత పీఎస్‌పీ 2000 ఉంది, వాడికీ ఒకటుంటే ఇద్దరం టెక్కెన్ 6 ఆడొచ్చని నా ప్లాన్. అడ్‌హాక్ మోడ్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు, రౌటర్ అక్కర్లేదు. రెండు మెషిన్లు పక్కపక్కన ఉంటే వైఫైతో నేరుగా కలిసిపోతాయి. నల్లగా నిగనిగలాడేది ఒకటి చవకగా దొరికితే "కొనేయ్‌రా" అన్నా.

పార్సిల్ విప్పాక ఫోన్ చేశాడు: "ఏందన్నా, దీనికి వైఫై స్విచ్చే లేదే!" పైన చూడమన్నా, పక్కన చూడమన్నా. చివరికి నంబర్ చదవమంటే తెలిసింది, అది ఈ1000.

సోనీ 2011లో చవక మోడల్‌గా తెచ్చిన ఈ1000లో అసలు వైఫై పెట్టలేదు. స్పీకర్ కూడా మోనోనే. గేములన్నీ ఆడతాయి, కానీ ఒంటరిగా. కస్టమ్ ఫర్మ్‌వేర్ వేసినా లేని హార్డ్‌వేర్ ఎక్కడినుంచి వస్తుంది? అమ్మినతను అబద్ధం చెప్పలేదు నిజమే, కానీ యాడ్‌లో మోడల్ రాయకపోవడం కూడా మోసం కిందికే వస్తుందని నా అభిప్రాయం.

మిగతా మోడల్స్ కూడా ఒకేలా ఉండవు. 2004లో వచ్చిన 1000 బరువు 280 గ్రాములు, ర్యామ్ 32 ఎంబీ. చేతిలో గట్టిగా ఉంటుంది, కానీ యూఎస్‌బీ ఛార్జింగ్ లేదు. ఒరిజినల్ ఛార్జర్ పోయిందంటే తిప్పలే. 2007 నాటి 2000 బరువు 189 గ్రాములు, ర్యామ్ 64 ఎంబీ, యూఎస్‌బీతో ఛార్జ్ అవుతుంది. దానికి బదులు బ్యాటరీ 1800 ఎంఏహెచ్ నుంచి 1200కి తగ్గింది. 2008 నాటి 3000కి మైక్ వచ్చింది, స్క్రీన్ రంగులు బాగా పెరిగాయి. ఇంట్లో పాత డబ్బా టీవీ ఉంటే పసుపు కేబుల్‌తో గేమ్ చూపించేది ఇదే, 2000కి కాంపొనెంట్ కేబులే కావాలి.

అందరూ కళ్లు మూసుకుని 3000 కొనమంటారు. నేను అనను. బొమ్మ వేగంగా కదిలితే స్క్రీన్ మీద సన్నటి అడ్డ గీతలు కనిపిస్తాయి, అది అప్‌డేట్‌తో పోయేది కాదు. ఒకసారి కంట్లో పడ్డాయంటే ఇక ప్రతి ఫైట్‌లో అవే కనిపిస్తాయి. నా ఓటు 2000కే.

మోడల్ తెలుసుకోవడం కష్టం కాదు. 1000, 2000, 3000లలో బ్యాటరీ తీస్తే లోపల స్టిక్కర్ ఉంటుంది. మొదటి అంకె చూడండి, చివరి అంకె ఏ ప్రాంతానిదో చెప్తుంది, అంతే. బ్యాటరీ ఉబ్బిందేమో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

నా 2000 వాడికే ఇచ్చేశాను. ఈ1000లో నేను మన హైదరాబాద్ గేమ్‌శాస్త్ర వాళ్లు చేసిన దేశీ అడ్డా పెట్టుకుని ఒక్కణ్ణే కబడ్డీ ఆడుతున్నా. ఇంకో 2000 కోసం వెతుకుతున్నా, ఈసారి వైఫై స్విచ్ ఫోటో చూశాకే డబ్బులు.