కంపెనీల కంప్యూటర్లే సాక్షులు: వ్యాజ్యానికి సిద్ధమెవరు?

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుండి నాటి మద్రాసు రాష్ట్రానికి మారింది. రాష్ట్రం మారిన ఊళ్ళలో భూమి తగాదా తలెత్తితే, పాత కాగితం ఏ కచేరీలో ఉన్నదో వెదకడమే సగం వ్యాజ్యమని ఇక్కడి పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. నేడు ఆ వెదుకులాట పరిశ్రమల గుమ్మం వద్దకు వచ్చింది. ఒకవైపు తిరువళ్ళూరు జిల్లాలోని గుమ్మిడిపూండి సిప్‌కాట్, మరొకవైపు తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ. మన పిల్లలు పనిచేసే, మన చిన్న వ్యాపారులు సరుకు అందించే ఇటువంటి చోట్ల హాజరు, జీతం, కొనుగోలు ఆర్డరు, ఫిర్యాదు వంటివి నేడు ఎక్కువగా కంప్యూటర్లలోనే నిక్షిప్తమవుతున్నాయి. వివాదం న్యాయస్థానానికి చేరిననాడు వాటిని వెలికితీసి, నమ్మదగిన రూపంలో సమర్పించవలసిన భారం ఆయా సంస్థల న్యాయ విభాగాలపై పడుతుంది.

ఈ భారం ఎంతటిదో తెలుగువారికి సత్యం కంప్యూటర్స్ ఉదంతం చూపింది. 2009 జనవరి 7న సంస్థ అధినేత రామలింగరాజు రాసిన లేఖలో, ఖాతాలలో చూపిన రూ. 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు అసలు లేవని వెల్లడైంది. 6,000కు పైగా నకిలీ ఇన్‌వాయిస్‌లు సృష్టించారని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011లో ఆరోపించింది. అదే ఏడాది అక్కడి మదుపరుల సామూహిక దావాను సంస్థ 12.5 కోట్ల డాలర్లకు పరిష్కరించుకున్నది. హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం 2015 ఏప్రిల్ 9న పదిమందిని దోషులుగా నిర్ధారించింది. అప్పీలు దశలో మే నెలలో శిక్ష అమలు నిలిచిపోయింది. మోసం చేసిన కంప్యూటరే మోసాన్ని పట్టించగలదన్నది ఈ ఉదంతం నేర్పిన పాఠం.

అమెరికాలో ఇటువంటి ఆధారాల వెల్లడికి ప్రత్యేక నియమాలు 2006 డిసెంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. అంతకుముందే, న్యూయార్కులో యూబీఎస్ వార్‌బర్గ్ సంస్థపై ఒక ఉద్యోగిని వివక్ష దావా వేశారు. భద్రపరచవలసిన ఈ-మెయిళ్ళు కొన్ని చెరిగిపోయాయని తేలడంతో, అవి సంస్థకు ప్రతికూలమైనవని భావించవచ్చునని న్యాయమూర్తి జ్యూరీకి సూచించారు. 2005లో జ్యూరీ ఆమెకు 2.92 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది. దావా రాబోతున్నదని తెలిసిన క్షణం నుండే ఏదీ చెరిపివేయరాదన్న సూత్రం ఈ కేసుతో బలపడింది.

మన దేశంలోనూ చట్టం వెనుకబడి లేదు. 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం ప్రకారం, వాది తన అధీనంలోని సంబంధిత పత్రాలన్నింటినీ దావాతోపాటే వెల్లడించాలి. ఎలక్ట్రానిక్ పత్రమైతే దానిని ఎవరు, ఎప్పుడు, ఏ విధంగా తయారుచేశారో, ఆ ఈ-మెయిల్ ఖాతా ఎవరి అధీనంలో ఉన్నదో ప్రమాణపూర్వకంగా తెలపాలి. ఈ చట్టం వర్తించే కనీస విలువను 2018లో కోటి రూపాయల నుండి రూ. 3 లక్షలకు తగ్గించడం గమనార్హం. అంటే సరుకు పంపి బాకీ రాబట్టుకోలేకపోయిన చిన్న వ్యాపారి కూడా ఇప్పుడు దీని పరిధిలోకి రాగలడు. అత్యవసర ఉత్తర్వు అవసరం లేనప్పుడు దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి.

పత్రం ఉన్నంత మాత్రాన అది సాక్ష్యం కాదు. మహారాష్ట్రలోని ఒక ఎన్నికల వివాదంలో నామినేషన్ దాఖలైన సమయాన్ని తేల్చేందుకు కార్యాలయ వీడియోలు కీలకమయ్యాయి. ఆ కేసులో సుప్రీంకోర్టు 2020 జూలై 14న తీర్పునిస్తూ, నకలు సమర్పించేటప్పుడు ధ్రువపత్రం తప్పనిసరి అని స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ మరొక మెట్టు పైకి వెళ్ళింది. ధ్రువపత్రంలో కంప్యూటరు బాధ్యుడు ఒక భాగాన్ని, నిపుణుడు రెండవ భాగాన్ని నింపాలి. ఆ ఫైలుకు వేలిముద్ర వంటి హ్యాష్ విలువనూ నమోదు చేయాలి.

కావున సంస్థల న్యాయ విభాగాలు నోటీసు వచ్చాక మేల్కొంటే సరిపోదు. ఏ సమాచారం ఏ సర్వర్లో ఉన్నది, ఎన్నాళ్ళు ఉంచాలి, చెరిపివేతను ఆపే అధికారం ఎవరిది, ధ్రువపత్రంపై ఎవరు సంతకం చేస్తారు అన్నవి ముందే రాసి ఉంచుకోవాలి. కంపెనీల చట్టం ఖాతా పుస్తకాలను 8 ఏళ్ళు భద్రపరచమంటున్నది. 2023 ఏప్రిల్ 1 నుండి ఖాతాల సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పూ నమోదు కావాలి. సాక్ష్యంగా రాకుండా ఎలక్ట్రానిక్ పత్రాన్ని నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరం.

అయితే పెద్ద సంస్థకు న్యాయ విభాగమైనా ఉంటుంది. ఉద్యోగం పోయిన కుర్రవానికి చేతిలో ఫోను తప్ప మరేమీ ఉండదు. అతని హాజరు పట్టిక, పై అధికారి ఆదేశం, అన్నీ అవతలి పక్షం వద్దనే ఉంటాయి. వాటిని హాజరుపరచమని ఆదేశించే అధికారం కార్మిక వివాదాల న్యాయపీఠాలకు ఉన్నది. అడిగినా దాచిన పక్షానికి ఆ పత్రం ప్రతికూలమని న్యాయస్థానం భావించవచ్చు. కానీ అడగాలంటే అటువంటి పత్రం ఉన్నదని మనకు తెలిసి ఉండాలి.

అందుచేత నియామక పత్రం, జీతం చీటీలు, ఆర్డర్లు, బిల్లులు వచ్చిననాడే భద్రపరచుకోవాలి. వాట్సాప్ సందేశాన్ని ఫొటో తీసి, అసలు ఫోనును అమ్మివేయరాదు. సరుకు బాకీకి సాధారణ కాలపరిమితి మూడేళ్ళు గనుక, అందాకైనా ఆ సందేశాలు నిలవాలి. సంస్థ రహస్య ఫైళ్ళను మాత్రం దొంగచాటుగా తెచ్చుకోరాదు. అది మరొక కేసుకు దారితీస్తుంది. తాతలు పట్టాను ట్రంకుపెట్టెలో దాచినంత జాగ్రత్తగా మనుమలు ఈ సందేశాలను దాచుకోవలసిన కాలమిది.